నలభై ఒకటో సంతకం

రమీరో తెచ్చిన పుస్తకాన్ని హార్లన్ తిన్నగా తీసుకెళ్లి అంకిత బల్ల మీద పెట్టాడు.

పద్మజ చేతిలో జిగురు కుంచె గాల్లోనే ఆగిపోయింది. తొమ్మిదేళ్లుగా ఆ దుకాణంలోకి వచ్చిన తడిసిన పుస్తకం ఏదైనా మొదట ఆమె ముందుకే వచ్చేది. చర్చి రిజిస్టర్లు, పొలాల పటాలు, ఎవరి ముత్తవ్వదో బైబిలు. వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో, పాత పుస్తకాలు బాగుచేసే ఆ చిన్న దుకాణం తెలిసినవాళ్లు తక్కువ; తెలిసినవాళ్లు ఇంకో చోటికి పోరు. యజమాని హార్లన్ చేతులు వణకడం మొదలుపెట్టాక పని పద్మజది, చివర సంతకం ఆయనది. ఆ ఏర్పాటుతో ఆమెకి ఎన్నడూ పేచీ లేదు, జనవరిలో అంకిత వచ్చేదాకా.

అంకితకి ఇరవై ఏడేళ్లు. అట్లాంటా దగ్గర అల్ఫారెట్టాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. పాత కాగితాలను బాగుచేసే విద్యలో మాస్టర్స్ చేసింది. వచ్చిన రోజే "హాయ్ ఆంటీ" అంది. హార్లన్ ఆ మాట విని నవ్వి, ఆ వారమంతా తనూ సరదాగా "ఆంటీ" అని పిలిచాడు. రెండో వారంలో కిటికీ పక్క బల్ల అంకితది అయింది. వెలుతురు బాగా వచ్చేది అక్కడే. పద్మజ తన సామాను తనే సర్దుకుని లోపలి బల్లకి మారింది. ఎవరూ మారమనలేదు. అంకిత కొత్త దీపం పెట్టుకోవడానికి ప్లగ్గు అక్కడే ఉందన్నారంతే.

"కోర్టుకు వెళ్లే పుస్తకం ఇది," అన్నాడు హార్లన్, పద్మజ వైపు చూడకుండానే. "సర్టిఫికెట్ మీద డిగ్రీ ఉన్న మనిషి పేరు ఉండాలి. ఏం అనుకోకు."

ఆమె ఏమీ అనుకోలేదన్నట్టు తలూపి, కుంచెను గిన్నె అంచుకి రెండుసార్లు అద్దింది.

రమీరోకి డెబ్బై దాటి ఉంటాయి. బొలీవియా మనిషి. ఫాల్స్ చర్చ్ దగ్గర ఇళ్లకు రంగులు వేయించే పనిలో ముప్ఫయ్యేళ్లు గడిపాడట. ఆకుపచ్చ టోపీని చేతుల్లో నలుపుతూ చెప్పుకొచ్చాడు. అతని ఇంగ్లీషు తడబడినప్పుడల్లా అంకిత స్పానిష్‌లో అందుకుంటోంది. ఆ భాష కూడా వచ్చన్న సంగతి పద్మజకి ఆ రోజే తెలిసింది.

కొచబాంబా వైపు ఒక రైల్వే ఊళ్లో 1923లో ఇంజన్ షెడ్డు కూలీలు ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారు. పేరు ఎల్ రియెల్, అంటే రైలు పట్టా. షెడ్డు వెనక రాళ్లు, బొగ్గు పొడి నిండిన నేలను సెలవు రోజుల్లో వాళ్లే చదును చేసి మైదానం చేసుకున్నారు. ఇప్పుడు ఆదివారం మ్యాచ్ ఉంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడే ఉంటాయి. పుట్టిన బిడ్డకి పేరు పెట్టకముందే ఆకుపచ్చ చొక్కా తొడిగే ఇళ్లున్నాయి. పదిహేనేళ్లుగా క్లబ్బుకి అధ్యక్షుడిగా ఉన్న సిమెంటు వ్యాపారి, క్లబ్బు మా తాత ఒక్కడే పెట్టింది, కనుక మా కుటుంబానిదే అంటున్నాడు. దాన్ని కంపెనీగా మార్చి, మైదానం ఉన్నచోట దుకాణాల భవనం కడతాడట. కాదని కేసు వేసింది రమీరో. క్లబ్బు పెట్టినవాళ్లలో అతని తాత ఒకడు. ఆ హక్కుతోనే వేశాడు. రుజువు ఈ పుస్తకం. చివరి కార్యదర్శి దీన్ని భద్రంగా ఉంటుందని వర్జీనియా తెచ్చి బేస్‌మెంట్‌లో పెట్టాడు. పోయిన ఆగస్టులో అక్కడికి వాన నీళ్లు వచ్చాయి. మొదటి రెండు ఆకులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పేర్లున్నది వాటి మధ్యే.

"వచ్చే మంగళవారం నా ఫ్లైటు," అన్నాడు. "శనివారం వచ్చి తీసుకెళ్తాను. మా తాత పేరు చివరన ఉంటుందని నాన్న చెప్పేవాడు. నేను చూడలేదు."

"మీరు చూస్తారు," అంది అంకిత. అతని చేతి మీద చెయ్యి వేసి మరీ చెప్పింది. తొమ్మిదేళ్లలో పద్మజ ఏ కస్టమర్ చేతినీ ముట్టుకోలేదు. అది మర్యాద అనుకునేది. ఇవాళ అదీ చేతకానితనంలా అనిపించింది.

మర్నాడు, ఈ మంగళవారం మధ్యాహ్నం, అంకిత, హార్లన్ కలిసి లంచ్‌కి వెళ్లారు. మునుపు హార్లన్ తన సాండ్‌విచ్ తెచ్చుకుని పద్మజ బల్ల దగ్గరే తినేవాడు. ఆమె పులిహోర ఇస్తే ఆవగింజలు ఒక పక్కకి తీసి పెట్టేవాడు.

దుకాణంలో ఎవరూ లేరు. పద్మజ చేతులు కడుక్కుని, తుడుచుకుని, కిటికీ దగ్గరికి నడిచింది. చూడటంలో తప్పేముంది అనుకుంది. అతుక్కున్న ఆకుల కింది మూల కొంచెం లేచి ఉంది. పలుచని రేకు గరిటెను ఆ సందులోకి వేలెడు దూరం పోనిచ్చి, తల వంచి చూసింది. బూడిదరంగు రాత. మామూలు పెన్సిలులాగే ఉంది. కానీ నీటి మరక పాకిన అంచు దగ్గర ఒక అక్షరం తోక సన్నగా ఊదారంగుకి తిరిగింది.

ఆమెకి వెంటనే తెలిసింది. బెజవాడ రైల్వే పార్సెల్ ఆఫీసులో వాళ్ల నాన్న జీవితమంతా రాసింది ఆ పెన్సిలుతోనే. పొడిగా రాస్తే బూడిదరంగు, తడి తగిలితే ఊదా సిరా. మొన నాలుక మీద అద్దుకుని రాసేవాడు, కింది పెదవి మీద ఆ చుక్క ఎప్పుడూ ఉండేది.

అంకిత రాసుకున్న పనిపట్టిక పక్కనే ఉంది. తర్వాతి ఆకుల మీద నల్ల సిరా, పెన్సిలు పరీక్షించినట్టు, రెండూ నీటికి చెదరనట్టు అందులో ఉంది. బుధవారం పొద్దున ఆ రెండు ఆకులకు కొద్దికొద్దిగా చెమ్మ పట్టించి విడదీయాలని రాసుకుంది. లోపలి రాత కూడా అదే పెన్సిలు అనుకుంది కాబోలు. చదువుకున్న ఎవరైనా అలాగే అనుకుంటారు. రైల్వే గుమాస్తా కూతురు అయితే తప్ప.

చెప్పాలి అనుకుంది పద్మజ. గరిటె తుడిచి ఉన్నచోటే పెట్టింది.

వాళ్లిద్దరూ నవ్వుకుంటూ తిరిగి వచ్చారు. హార్లన్ చేతిలో రెండు కాఫీలు. ఒకటి తనకి, ఒకటి అంకితకి.

"సారీ ఆంటీ, మీరు కాఫీ తాగరు అనుకున్నా," అంది అంకిత.

"తాగను," అంది పద్మజ. పొద్దున, సాయంత్రం ఆమె కాఫీ తాగుతుందని హార్లన్‌కి తెలుసు. అతను తన కాఫీ మూత తీసి ఊదుకున్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర భర్త మనోహర్ అడిగాడు, "ఏంటి, మొహం అలా ఉంది?"

"ఆ పిల్ల ఓ పొరపాటు చెయ్యబోతోందండీ."

"చెప్పావా?"

"నన్నడిగితే కదా."

మనోహర్ పెరుగు కలుపుకుంటూ నవ్వాడు. అతని టీంలో మొన్న చేరినతను వారం కిందట అతనికే లీడ్ అయ్యాడు. "వదిలెయ్. వాళ్ల ప్రాజెక్ట్, వాళ్ల ప్రాబ్లం. మన సలహాలు ఎవడిక్కావాలి ఇక్కడ? చెప్తే, డిగ్రీ లేనిదానివి నీకేం తెలుసంటారు. చెప్పకపోతే హాయి."

తను వినాలనుకున్న మాట అదే. ఇంకో ముద్ద ఎక్కువ తింది.

బుధవారం ఆమె వెళ్లేసరికి అంకిత అన్నీ సిద్ధం చేసుకుంది. పెద్ద ప్లాస్టిక్ పెట్టె, అడుగున తడి అద్దుడు కాగితం, దాని మీద నీటిని ఆవిరిగా మాత్రమే పైకి పంపే తెల్లని గుడ్డ. పుస్తకం పక్కన తెరిచి ఉంది. జుట్టు ముడివేసి అందులో పెన్సిలు గుచ్చుకుంది. చేతులు రెండూ ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది.

"ఆంటీ, ఒకసారి చూస్తారా? నాకు కొంచెం భయంగా ఉంది. లోపలిది నేను టెస్ట్ చెయ్యలేదు కదా, అందట్లేదు. మీరు ఇట్లాంటివి చాలా చేశారు అని హార్లన్ చెప్పాడు."

పద్మజ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. ఒక భుజం జారితే మళ్లీ సరిచేసింది. అప్పటికి చెప్పడానికి వేళ మించలేదు. ఒక్క మాట చాలు. కానీ కిటికీలోంచి వస్తున్న ఆ వెలుతురు, తొమ్మిదేళ్లు తన చేతుల మీద పడిన వెలుతురు, ఆ పిల్ల చేతుల మీద పడుతోంది. పిల్ల చేతులు చాలా అందంగా ఉన్నాయి.

"నాకేం తెలుసమ్మా," అంది. "నువ్వు చదువుకున్నదానివి. నీకు తెలియంది నాకు తెలుస్తుందా?"

అంకిత నవ్వింది, మెచ్చుకోలు అనుకుంది. ముందు కింది మూల వరకే చెమ్మ పట్టిద్దామని, మిగతా పేజీని ప్లాస్టిక్‌తో కప్పి, పుస్తకాన్ని పెట్టెలోకి దించింది.

పద్మజ తన బల్ల దగ్గర కూర్చుని ఒక వంటల పుస్తకం వీపుకి గుడ్డ అతికించసాగింది. చెవులు మాత్రం అటే ఉన్నాయి. ఇరవై నిమిషాలు గడిచాయి. గుడ్డ వంకరగా అతికింది. ఊడదీసి మళ్లీ అతికించింది.

"నో. నో, నో, నో."

అంకిత పుస్తకాన్ని బయటికి తీసి అద్దుడు కాగితం ఒత్తుతోంది. కాగితం మీద అరచేతి వెడల్పున ఊదారంగు. మూల విడివడింది. చివరి పేరు ఉండవలసిన చోట నేరేడుపండు నలిపినట్టు ఒక మరక మిగిలింది.

హార్లన్ లేచి వచ్చాడు. వంగి చూశాడు. కోప్పడలేదు. "ఆపెయ్," అన్నాడు. తర్వాత, "పద్మజా, దీన్ని నువ్వు తీసుకో."

అంకిత బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంది. పద్మజ పుస్తకాన్ని రెండు చేతుల మీద ఎత్తుకుంది. కిటికీ దగ్గరి నుంచి లోపలి బల్లకి ఆరడుగులు. ఆ ఆరడుగులూ ఆమె సంతోషంగా నడిచింది. ఆ సంగతి ఆమె తర్వాత ఎప్పుడు తలచుకున్నా సిగ్గుతో చచ్చిపోయేది. నిజంగానే సంతోషపడింది.

గురువారం, శుక్రవారం ఆమె ఇంకేమీ ముట్టుకోలేదు. తడి అన్నది దగ్గరికి రానివ్వకుండా, రేకు గరిటెను రెండు ఆకుల మధ్య వెంట్రుకవాసి చొప్పున కదిపింది. గట్టిగా అంటుకున్నచోట ఆగి, ఇంకో వైపు నుంచి వచ్చింది. ఊపిరి తగిలినా చెమ్మేనని మూతికి గుడ్డ కట్టుకుంది. ఒక్కొక్క పేరే బయటపడుతుంటే తన పనితనం తనకే ముద్దొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నానికి ఆకు పూర్తిగా విడిపోయింది.

చదవాలంటే మాత్రం అంకిత కావలసి వచ్చింది. ఆ పిల్ల వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది, పుస్తకానికి దూరంగా.

"ఈ మైదానం, ఈ క్లబ్బు ఏ ఒక్కరిదీ కాదు," అని నెమ్మదిగా తెలుగులోకి తిప్పి చదివింది. "కింద సంతకం చేసిన ఫార్టీ వన్ మందిది. వాళ్ల తర్వాత వచ్చే మెంబర్స్‌ది. ఎవరూ అమ్మకూడదు, ఎవరికీ గిఫ్ట్ ఇవ్వకూడదు." ఒక చెయ్యి ముందుకు తెచ్చి, వేలు గాల్లోనే ఆడిస్తూ పేర్ల వెంట దిగింది. "స్టేషన్ మాస్టర్, ఈయన ఆ సిమెంట్ ఆయన తాత. ఫస్ట్ ఉన్నాడు, అంతే. తర్వాత పాయింట్స్‌మన్, పట్టాలు మార్చేవాడు. గేట్ దగ్గర ఉండేవాడు. ఇంజన్ కడిగేవాడు. కడిగేవాడు. కడిగేవాడు..." వేలు మరక దగ్గర ఆగింది. "ఫార్టీ ఉన్నాయి ఆంటీ. పైన ఫార్టీ వన్ అని ఉంది."

అంకిత తన బల్ల దగ్గరికి వెళ్లాక హార్లన్ దగ్గరికి వచ్చి, మెల్లగా అన్నాడు, "ఆ పిల్లని నెలాఖరుకి పంపించేద్దామనుకుంటున్నాను. పొరపాటు నాదే, నీకే ఇవ్వాల్సింది."

ఈ మూడు నెలలుగా పద్మజ మనసులో ఎన్నిసార్లు ఆడించుకుందో ఆ మాట, ఇంచుమించు అవే మాటల్లో. విన్నాక ఏం చెయ్యాలో మాత్రం ఎప్పుడూ ఆలోచించుకోలేదు. తలూపింది.

ఇంటికి బయలుదేరుతుంటే అంకిత ఒక కాగితం ఇచ్చింది. పుస్తకంతో పాటు వెళ్లే రిపోర్టు. "గ్రామర్ కాదు, ఫ్యాక్ట్స్ చూడండి ఆంటీ. మీ పని నేను కరెక్ట్‌గా రాశానా లేదా." పద్మజ పని గురించి ఒక పేజీ రాసింది, ఏ గరిటె, ఎన్ని గంటలు, ఎంత ఓర్పు. ఆ దుకాణంలో తొమ్మిదేళ్లలో ఆమె పేరు అచ్చులో రావడం అదే మొదలు. చివర ఒక్క వాక్యం: చివరి సంతకం చెదరడానికి నా పరీక్ష చాలకపోవడమే కారణం, బాధ్యత పూర్తిగా నాది.

కారులో కూర్చుని ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివింది. ఆ రాత్రి మనోహర్ ఏదో అడిగితే, తలనొప్పి అంది.

శనివారం రమీరో ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. వెంట కాగితం సంచీలో సాల్తేన్యాలు, వాళ్ల వైపు కజ్జికాయ ఆకారంలో ఉండే మాంసం తినుబండారం, అందరికీ. సంచీని బల్ల మీద పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, పుస్తకం మీదికి వంగాడు. పైనుంచి ఒక్కొక్క పేరూ పెదాలతో చదువుకుంటూ కిందికి వచ్చాడు. మరక దగ్గర ఆగాడు. వేలు దాని పైన గాల్లో నిలిచిపోయింది.

"సెన్యోర్, ఇది నా తప్పు," అని అంకిత మొదలుపెట్టింది.

"కాదు," అంది పద్మజ.

ముగ్గురూ తల తిప్పారు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ఇది నీళ్లకి కరిగే పెన్సిలు అని నాకు ముందురోజే తెలుసు. చూశాను. అంకిత నన్ను అడిగింది కూడా. తెలియదని చెప్పాను."

"ఎందుకు?" అన్నాడు రమీరో. కోపంగా కాదు. నిజంగా అర్థం కాక.

"ఐ వాజ్ జెలస్," అంది పద్మజ. తెలుగులో అయితే ఆ మాట నోట్లోంచి వచ్చేది కాదేమో.

"మీకు తెలుసా?" అంది అంకిత. "నేను అడిగినప్పుడు మీకు తెలుసా?" మొహం తెల్లబోయింది. అక్కడినుంచి ఒక అడుగు వెనక్కి వేసింది, బల్ల మీద వేడి వస్తువేదో ఉన్నట్టు.

రమీరో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. అతను మాట్లాడినప్పుడు అది వాళ్లెవరితోనూ అన్నట్టు లేదు. "మా తాత ఇంజన్లో బొగ్గు వేసేవాడు. రాయడం రాదు, పేరొక్కటే నేర్చుకున్నాడు. ఎంత గట్టిగా ఒత్తేవాడంటే కాగితం చిరిగేదట. నాన్న చెప్పి నవ్వేవాడు."

పద్మజ తలెత్తింది. అంకిత కూడా. ఇద్దరికీ ఒక్కసారే తట్టింది.

కిటికీ తెర దించి దుకాణం చీకటి చేశారు. పద్మజ చిన్న దీపాన్ని కాగితం ఎత్తుకి దించి, పక్కనుంచి వెలుగు నేలబారుగా పడేలా పట్టుకుంది. ఊదా మరకలో ఒత్తిన గాట్లు తేలాయి, దున్నిన చేలో నీడల్లాగా. పెన్సిలు రంగు పోయింది కానీ ఒత్తిడి పోలేదు. ఆమె దీపాన్ని అంగుళం అంగుళం తిప్పుతుంటే, అంకిత పైనుంచి ఫోటోలు తీసింది. "ఇంకా కిందికి. లెఫ్ట్‌కి. స్టాప్." అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. ఒక్కొక్క అక్షరం రమీరో కూడబలుక్కున్నాడు. ఇ. సా. క్. కిస్పే. పక్కన ఇంకా చిన్నగా, బొగ్గు వేసేవాడు అని.

రమీరో కిస్పే కళ్లజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సాల్తేన్యాలు చల్లారిపోయాయి.

రిపోర్టులో తను చెప్పిన మాట కూడా చేర్చాలని పద్మజ పట్టుపట్టింది. అంకిత చేర్చింది, ఉన్నది ఉన్నట్టు, ఒక్క విశేషణం లేకుండా. హార్లన్ ఆ సాయంత్రం, "నీ నుంచి ఇది అనుకోలేదు," అన్నాడు. అంకితను పంపించే ఊసు మళ్లీ రాలేదు. సోమవారం నుంచి వచ్చిన పని ఏదైనా ముందు కిటికీ బల్ల మీదికే వెళ్లింది. అక్కడినుంచి కొంత లోపలి బల్లకి వచ్చేది. అంకిత గుడ్ మార్నింగ్ అనేది. తెలుగు మాట్లాడటం మానేసింది. కావలసినది కాగితం ముక్క మీద ఇంగ్లీషులో రాసి పెట్టేది.

తీర్పు జూన్ నెలలో వచ్చింది. క్లబ్బు సభ్యులది, ఎవరూ అమ్మలేరు. వ్యాపారి లాయరు మరక మీద గట్టిగానే వాదించాడట. దాచకుండా రాసిన రిపోర్టు చూసి, ఫోటోలు చూసి, జడ్జి ఆ వాదన కొట్టేశాడట.

ఆ ఆదివారం పార్కులో బొలీవియా వాళ్ల జట్లు ఆడుకునే మైదానంలో, ఊరినుంచి తిరిగొచ్చిన రమీరో పండగ చేశాడు. దుకాణం వాళ్లందరినీ పిలిచాడు. పద్మజ వెళ్లకూడదనుకుని, చివరికి మనోహర్‌ని కూడా తీసుకెళ్లకుండా ఒక్కతే వెళ్లింది. ఎక్కడ చూసినా ఆకుపచ్చ చొక్కాలు, పొయ్యి మీద మాంసం పొగ, పిల్లల అరుపులు. ఆట విరామంలో రమీరో మైకు తీసుకుని స్పానిష్‌లో ఏదో చెప్పాడు. అంకితను ముందుకు పిలిచాడు. ఎల్ రియెల్ సభ్యత్వ కార్డు, ఆమె ఫోటోతో, కొచబాంబా నుంచి తెప్పించింది, మెడలో వేశాడు. చప్పట్లు మిన్నంటాయి. కార్డు ఒక్కటే ఉంది.

పద్మజ కూడా చప్పట్లు కొట్టింది. ఆ అసూయ రాలేదా అంటే, వచ్చింది. కాఫీలు రెండే వచ్చిన రోజు ఎంత ఉందో అంతే ఉంది, పిసరు తగ్గలేదు.

రమీరో ఆమెని చూసి దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. తర్వాత తన ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "మా ఇద్దరికీ ఒక ఫోటో తీస్తారా? ఊరికి పంపాలి. అక్కడ గోడకి పెడతారట."

ఆమె తీసింది. తెర మీద చూసింది. రమీరో బాగా పడ్డాడు. అంకిత కళ్లు మూసుకుంది, నోరు వంకరగా ఉంది. రమీరో అప్పటికే చెయ్యి చాపాడు ఫోను కోసం. వెనక ఎవరో ఆటకి పిలుస్తున్నారు.

"ఆగండి," అంది పద్మజ. "ఇంకోటి తీస్తాను. అంకితా, ఎండ కళ్లలో పడుతోంది. కొంచెం ఇటు తిరుగు."

అంకిత ఆమె వైపు చూసింది. ఆ చూపులో చనువేమీ లేదు. కానీ తిరిగింది.

"ఇంకొంచెం," అంది పద్మజ. పిల్ల కళ్లు పూర్తిగా తెరుచుకునేదాకా ఆగి, అప్పుడు నొక్కింది.